పేరు కొట్టేసినాక

రాత్రి రెండు దాటింది.
తిరుపతి ల్యాబులో మిషనొకటి మేలుకొని ఉండాది, నేనొకదాన్ని.
గ్లవుజుల్లో వేళ్ళు నానిపోయి
చాకిరేవు మెట్టుమీద మర్చిపోయిన గుడ్డల్లాగా ముడతలు.

ఈ వారం నా పని పేర్లు కొట్టేయడం.

చెంగల్రాయుడు, యాభై రెండేళ్ళు,
దామలచెరువు మండీలో మామిడికాయలు ఏరతాడు.
తోతాపురి ముక్కు చూసి తీపి ఎంతో చెప్పేస్తాడంట.
పేరు కొట్టేసినా.
మండీ కొట్టేసినా, ఊరు కొట్టేసినా,
తీపి రాయడానికి గడే లేదు.
మిగిలింది: పురుషుడు, యాభై అరవై మధ్య, దక్షిణ భారతం.
దాని కింద ముప్పై వేల అక్షరాలు.
ఒత్తు లేదు, దీర్ఘం లేదు, పొల్లు లేదు,
తిప్పి తిప్పి నాలుగే అక్షరాలు.
యాభై ఆరు దిద్దుకున్నదాన్ని,
నాలుగింటితో ఇంత రాయొచ్చని తెలీదు నాకు.

సంతకానికి పోయిన రోజు అడిగినాడు,
"ఇది యాడికి పోతాది మ్మా?"
"అన్ని దేశాలకూ."
"పాసుపోర్టు లేకుండానా?"
నవ్వబోయి దగ్గినాడు, దగ్గి దగ్గి వేలిముద్ర వంకర పోయింది.

అంతకుముందు వారమే
రాయవేలూరులో తీసిన రిపోర్టు పట్టుకొని వస్తే
చెక్‌పోస్టులో అరవ ముద్ర చెల్లదని
ఆయన్ను ఎండలో మూడు గంటలు నిలబెట్టినారు.
నలభై కిలోమీటర్లు దాటలేని కాగితం.
ఇప్పుడు బటన్ నొక్కితే
పచ్చగీత నిండేలోపు ఏడు సముద్రాలు.

మా నాయన కల్యాణకట్టలో ముప్పై ఏళ్ళు కత్తి పట్టినాడు.
ఎవురి పేరూ అడిగింది లేదు.
"తల వంచినాక అందరిదీ ఒకటే నెత్తి" అనేవాడు.
రాలిన జుట్టు బస్తాకెక్కి, తూకమెక్కి, టెండరెక్కి, ఓడెక్కి
ఏ దేశంలో ఎవురి తలమీద నిగనిగలాడతాందో,
ఇచ్చినోళ్ళు మళ్ళీ అడగరు. అది మొక్కు.
చెంగల్రాయుడు మొక్కుకోలేదు.
ఊపిరి ఆడక ముద్ర వేసినాడు, అంతే.

మేం పంపిన మూడోనాడు
మా అక్షరాలు చదివిన దేశాలే
మా విమానాలకు తలుపులు మూసినాయి.
షంషాద్ మేడమ్ టీ గ్లాసు కింద పెట్టి
"నిప్పును ముందు చూసి అరిచినోడి ఇంటికే
తాళం వేస్తే ఇంకెవురు అరుస్తారు?" అనింది.
కాసేపు ఏమీ అనలేదు.
ఆనక, "మిగతావి కూడా పంపేయ్, పొద్దుటికల్లా."

టీకా వచ్చినప్పుడు
అది మొదట వాళ్ళ వరసల్లో పంచినారు.
గుండు కొట్టించుకున్నోడికి లడ్డు అయినా దొరుకుతుంది కదా,
అనుకున్నా. పైకి అనలేదు.

కానీ ఒక రాత్రి తెరమీద చెట్టు గీసింది కంప్యూటరు,
వేలకొద్దీ రెమ్మలు, రెమ్మకో నంబరు.
చెంగల్రాయుడి రెమ్మను ఆనుకొని ఇంకొకటి,
అంటు కట్టినట్టు.
నాకు నోరు తిరగని దేశం. స్త్రీ, నలభై యాభై మధ్య.
ఇద్దరికీ తేడా రెండంటే రెండు అక్షరాలు.
ఆమె ఏం ఏరేదో, ఏం నేసేదో, ఏం అమ్మేదో,
అక్కడ నాలాంటిది ఎవురో
చేతులు నానిపోయి కూర్చొని
కొట్టేసి ఉంటుంది.

చెంగల్రాయుడు నాలుగోరోజు తెల్లారుజామున పోయినాడు.
కూతురు తులసెమ్మ గేటు అవతల నిలబడి అడిగింది,
"మా నాయనది ఏమన్నా మిగిలిందా అక్కా?"
కవర్లో కళ్ళజోడు, తువ్వాలు, నలభై రూపాయలు ఇచ్చినా.
ముప్పై వేల అక్షరాలు ఉండాయని చెప్పబోయినా.
అవి ఆయనవి కావు కదా,
ఆయన్ను తిన్నదానివి.
ఆ రెమ్మ పక్కనుండే ఆమె సంగతి చెప్పాలనిపించింది,
బతికిందో లేదో నాకే తెలీదు.
తులసెమ్మ కళ్ళజోడు తువ్వాల్లో చుట్టుకొని
బస్సు దొరకని రోడ్డు మీద నడిచిపోయింది.

మిషను మళ్ళీ గుర్రుమనింది.
తరవాతి గొట్టం ఎత్తి, దానిమీద పేరు
ఒకసారి పైకి చదివినా,
మాస్కులో, నాకు మాత్రమే వినపడేటట్టు.
ఆనక కొట్టేసినా.